మొదటి ఏడాది పరీక్ష ఎత్తేయండి
(సాంస్కృతిక శాఖ మంత్రిగారికి ఒక ఫిడేలు మాస్టారి బహిరంగ లేఖ)

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ సాంస్కృతిక శాఖ మంత్రిగారికి,



విజయనగరంలో పిల్లలకు ఫిడేలు పాఠాలు చెప్పుకుంటూ బతికేవాణ్ణి. బిరుదులు లేవు, అవార్డు కోసం పెట్టుకున్న దరఖాస్తు కూడా ఏదీ మీ కార్యాలయంలో లేదు. కాబట్టి నాకోసం ఏదో అడగబోతున్నానని అనుకోకండి. సన్మాన సభల్లో మీరూ, మీకు ముందు ఆ కుర్చీలో కూర్చున్నవారూ మా విద్య గురించి ఎన్నో మంచి మాటలు చెప్పారు. వాటిలో కొన్నయినా సిలబస్ కాగితం దాకా వస్తే బాగుంటుందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ప్రభుత్వ సంగీత కళాశాలల్లో సర్టిఫికెట్ కోర్సు నాలుగేళ్లు, డిప్లొమా మరో రెండేళ్లు. ఏ ఏడాది ఏం పూర్తి కావాలో రాసిపెట్టి ఉంటుంది. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు, స్వరజతులు, వర్ణాలు, ఆపైన కీర్తనలు. ఈ వరుస మీద నాకు పేచీ లేదు. పురందరదాసు నాటి నుంచి వస్తున్న దారి అది, అంతకంటే మంచి దారి నాకు తెలియదు. పేచీ అంతా దాన్ని లెక్కబెట్టే తీరు మీదే. ఏడాది చివర పరీక్ష జరుగుతుంది. అది కళాశాల పెట్టుకునేదైనా, సర్కారు పెట్టేదైనా తంతు ఒకటే. పరీక్షకులు వస్తారు, "ఫలానాది ఎత్తుకోమ్మా" అంటారు, పిల్ల వాయిస్తుంది, రెండో కాలం అడుగుతారు, అదీ వాయిస్తుంది, మార్కులు పడతాయి. ఆ కాసేపట్లో ఆ పిల్ల చెవి ఏ మాత్రం తయారైందో, భుజం నొప్పి పెడుతోందో లేదో, ఇంట్లో ఫిడేలు పెట్టె తనంతట తాను తీస్తోందో అమ్మ కేకలేస్తేగానీ తీయడం లేదో ఎవరికి తెలుస్తుంది? ఫిడేలు మాస్టారి పనిలో ముక్కాలు మువ్వీసం ఇవే మరి.

ఎందుకంటే మా వాద్యానికి మెట్లు లేవు. వీణకు ఇరవై నాలుగు మెట్లున్నాయి. శ్రుతి సరిగ్గా చేసి మెట్టు మీద వేలు వేస్తే స్వరం దాదాపు తన చోటే పలుకుతుంది. ఫిడేలు మెడ మీద ఏ గుర్తూ ఉండదు. వేలు వెంట్రుకవాసి జరిగినా స్వరం చెడుతుంది. చెడిందని పిల్లకు చెప్పగలిగింది పిల్ల చెవి ఒక్కటే. నేను వారానికి రెండు గంటలే పక్కన ఉంటాను, మిగతా రోజులన్నీ ఆ చెవే మాస్టారు. అందుకని మొదటి నెలల్లో నేను పాఠం తక్కువ చెప్పి వినిపించడం ఎక్కువ చేస్తాను. ఇందుకు కొందరు తల్లిదండ్రులకు నా మీద కోపం కూడా ఉంది. "మూడు నెలలైంది, ఇంకా ఉత్త తీగలేనా మాస్టారూ" అంటారు.

ఉత్త తీగల మీద జరిగేదేమిటో చెబుతాను. ఈమధ్య ఒక ఎనిమిదేళ్ల పిల్లను మధ్య షడ్జం తీగ మీద పంచమం వెతకమన్నాను. పక్క తీగ ఎటూ పంచమానికే శ్రుతి చేసి ఉంటుంది. దాన్ని ముట్టుకోవద్దు, కళ్లతో చూస్తూ ఉండమన్నాను. వేలు కింద నుంచి మెల్లగా జరుపుకుంటూ వచ్చింది. కాస్త తక్కువలో ఆగింది, పక్క తీగ కదల్లేదు. కాస్త మీదికి పోయింది, అప్పుడూ కదల్లేదు. ఆ రెంటికీ నడుమ ఒకచోట వేలు ఆగగానే, ఎవరూ తాకని ఆ పక్క తీగ తనంతట తాను వణకడం మొదలుపెట్టింది. కమాను ఎత్తేశాక కూడా సన్నగా మోగుతూనే ఉంది. ఆ పిల్ల ఫిడేలు వంకా నా వంకా చూసి, "ఇంకోసారి చెయ్యనా" అంది. మిగతా గంటంతా అదే పని. దీన్ని సిలబస్‌లో ఏ పాఠం కింద రాయాలి? ఏ పేరూ లేదు, మార్కులూ లేవు. కానీ ఆ రోజు నుంచి ఆ పిల్లకు శ్రుతి తప్పిందని నేను చెప్పనక్కర్లేదు, తీగే చెబుతుంది. ఇలాంటి గంటలు ఏడాది చివరి పరీక్ష తరుముకొస్తుంటే దొరకవు. మాస్టారు మంచివాడే అయినా, "ముందు అలంకారాలు ఏడూ పూర్తి చేద్దాం, చెవి సంగతి తర్వాత" అనుకుంటాడు. ఆ తర్వాత అనేది మరి రాదు.

అయ్యా, మా ఊరి చరిత్ర మీకు తెలియనిది కాదు. ఇక్కడి సంగీత కళాశాలను 1919లో పూసపాటి విజయరామ గజపతిరాజుగారు పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రిన్సిపాల్. కొలువులో పనిచేసే ఒకాయన కొడుకు, చూపు లేని కుర్రవాడు, సంగీతం నేర్చుకోవాలని ఆశపడితే, ఆ ఒక్క పిల్లవాడి కోసం మొదలైన ఆలోచనే కళాశాల అయిందని ఇక్కడ చెప్పుకుంటారు. ఒక పిల్లవాడి అవసరం చూసి పుట్టిన బడి అన్నమాట. అదే ఏడాది ద్వారం వెంకటస్వామి నాయుడుగారు అందులో వాయులీన ఆచార్యులయ్యారు. అప్పటికి ఆయన వయసు 26. చూపు మందగించడంతో బడి చదువు ముందుకు సాగలేదు. ఫిడేలు నేర్పింది అన్నగారు వెంకటకృష్ణయ్యగారు. నాయుడుగారు విద్యార్థిగా చేరదామని వస్తే, వాద్యం విని, నేర్చుకునే కుర్రాడివి కాదు, నేర్పవలసినవాడివి అని ఆచార్య పదవి ఇచ్చారని పెద్దలు చెబుతారు. 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. ఫిడేలును పక్క వాద్యంగానే వినడం అలవాటైన సభల్లో ఒంటి ఫిడేలుతో కచేరీలు చేసి కూర్చోబెట్టిన మనిషి. పాశ్చాత్య ఫిడేలు విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ అంతటివాడు విని మెచ్చుకున్నాడు. 1957లో పద్మశ్రీ వచ్చింది. ఇదంతా ఒక్క సంగతి కోసం ఎత్తాను. ఆనాడు ముందు చెవులు పనిచేశాయి, కాగితాలు తర్వాత వచ్చాయి. ఇవాళ్టి నోటిఫికేషన్ల ప్రకారమైతే నాయుడుగారి దరఖాస్తు, వాద్యం వినకముందే, జతపరచవలసిన పత్రాలు లేవని పక్కన పడేది.

అదే కళాశాలలో గాత్రం చెప్పిన పట్రాయని సీతారామశాస్త్రిగారి పేరు కూడా తలచుకోవాలి. కుర్రవాడైన ఘంటసాల ఊరుగాని ఊరు వస్తే ఇంట్లో చోటిచ్చి పాఠం చెప్పింది ఆయనే. ఇంటింటా మధుకరం ఎత్తుకుని కడుపు నింపుకునే రోజుల్లో ఆ పిల్లవాడి పాటనే కాకుండా ఆకలిని కూడా పట్టించుకున్న గురువు. అలాగని గురుకులాన్ని మళ్లీ తెమ్మని నేను అడగడం లేదు. పాఠం కంటే ఇంటి చాకిరీయే ఎక్కువ చేయించుకున్న గురువులూ ఉన్నారు, కులం చూసి, ఆడపిల్లని చూసి తలుపు వేసిన ఇళ్లూ ఉన్నాయి. ఆ రోజులు పోవడమే మంచిది. పోకూడనిది ఒక్కటే, పిల్లలో వేళ్లనే కాకుండా మొత్తం మనిషిని చూసే ఆ చూపు. గంట కొట్టగానే గది మారే టైంటేబుల్‌లో అది నిలవాలంటే మాస్టారికి తీరిక కావాలి. ఒకే మాస్టారి దగ్గర పిల్ల కొన్నేళ్లు ఉండాలి. ఏటా మారిపోయే గెస్ట్ టీచరుకు ఏ పిల్ల ఏ నెలలో ఎందుకు డీలా పడిందో గుర్తుండే వీలెక్కడ?

శరీరం సంగతి చాలామంది మాస్టర్లు కూడా పట్టించుకోరు. మన వాళ్లం నేల మీద కూర్చుని వాయిస్తాం. కుడి పాదం ముందుకు పెట్టి, ఫిడేలు తలను చీలమండ మీద ఆనించి, రెండో కొసను ఎడమ రొమ్ముకు ఆనిస్తాం. అలా రెండు పక్కలా ఆనిక దొరికితేనే ఎడమ చెయ్యి బరువు మోయకుండా తీగ మీద జారుతుంది, గమకం పలుకుతుంది. ఇంత మంచి కూర్పు పెద్ద ఫిడేలు చేతిలో పెట్టిన చిన్న పిల్ల దగ్గర తలకిందులవుతుంది. చెయ్యి చాలదు, మోచెయ్యి సాగుతుంది, భుజం చెవి దాకా లేస్తుంది, మెడ వంకర పోతుంది. ఏడాది అలా వాయిస్తే ఆ వంకరే అలవాటైపోతుంది. దాన్ని విప్పడానికి తర్వాత నేను పడే పాట్లు ఎన్ని పాఠాలు చెప్పినా పడను. పావు, అర, ముప్పావు ఫిడేళ్లు బజారులో దొరుకుతాయి. అయితే రెండేళ్లలో పిల్ల పెరిగి అది చిన్నదైపోతుందని మధ్యతరగతి తండ్రి కొనడు, "పెద్దదే కొందాం మాస్టారూ, ఎదుగుతుంది కదా" అంటాడు. ఆయన తప్పు కాదు. ప్రతి సంగీత పాఠశాలలో చిన్న ఫిడేళ్లు కొన్ని ఉంచి, లైబ్రరీ పుస్తకాల్లా ఇంటికిచ్చి తిరిగి తీసుకుంటే ఈ తిప్పలుండవు. హంగరీలో పుట్టి అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన పాల్ రోలాండ్ అనే ఫిడేలు గురువు, వాయించే పిల్లల ఒంటి కదలికల మీద 1960లలో పెద్ద పరిశోధనే నడిపి సినిమాలు తీయించాడు. మనకు అంత అక్కర్లేదు. సైజు సరిపోయిన ఫిడేలు ఇస్తే చాలు.

ఇంకో పరదేశి పేరు కూడా చెప్పాలి, షినిచి సుజుకీ. జపాన్‌లోని నగోయాలో ఫిడేళ్లు తయారుచేసే కర్మాగారం యజమాని కొడుకు, 1898లో పుట్టాడు. 1920లలో జర్మనీలో కార్ల్ క్లింగ్లర్ అనే ఫిడేలు విద్వాంసుడి దగ్గర నేర్చుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక జపాన్‌లోని మత్సుమోతోలో పిల్లలకు చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన్ని పట్టుకున్న ఆలోచన చాలా చిన్నది. జపాన్ పిల్లలందరూ జపనీస్ మాట్లాడుతున్నారు, అంత కష్టమైన భాష ఏ పిల్లకూ రాకుండా పోవడం లేదు. మరి ఫిడేలు మాత్రం కొందరికే వస్తుందని ఎందుకంటున్నాం? అమ్మ మాట విన్నట్టే ముందు సంగీతం వినాలి, వినగా వినగా అనుకరించాలి, చదవడం రాయడం ఆ తర్వాత. ఆయన బడిలో తల్లి కూడా పాఠంలో కూర్చునేది, పిల్లకంటే ముందు తనే కొంత నేర్చుకునేది. నేర్చిన పాటను వదిలేసి కొత్తది ఎత్తుకోవడం ఉండదు, పాతవన్నీ రోజూ తిరిగి వాయించాలి. ఒంటరి పాఠంతోపాటు అందరూ కలిసి వాయించే పాఠం కూడా ఉండాలి. 1964లో ఆయన జపాన్ పిల్లల్ని వెంటబెట్టుకుని అమెరికా వెళితే అక్కడి సంగీతం మాస్టర్లు నోరెళ్లబెట్టి విన్నారు.

ఆయన పుస్తకాల్ని తెచ్చి మన పిల్లల మీద రుద్దమనడం లేదు. అవన్నీ పాశ్చాత్య పాటలు. మన గమకానికి అందులో చోటు లేదు, నిలిచిన స్వరాలే అలవాటైతే తర్వాత తోడి రాగం పలికించడం కష్టం. కానీ ముందు విను, పాడు, వాయించు, చివర రాసుకో అనే వరుస మనకు కొత్తదా? స్వరం నోటితో పాడనిదే ఫిడేలు మీద పట్టుకోనివ్వని గురువులు మన ప్రతి ఊళ్లోనూ ఉండేవారు. మన దగ్గరున్న పద్ధతిని మనం జారవిడుచుకుంటే వాళ్లు పట్టుకుని ప్రపంచమంతా నడిపించుకున్నారు. ఇప్పుడు మన పిల్ల నోటు పుస్తకంలో సాహిత్యం, స్వరం నింపుకుంటుంది, ఫోనులో శ్రుతి పెట్టుకుంటుంది, పుస్తకం చూస్తూ వాయిస్తుంది. పుస్తకం మూసేస్తే వేళ్లు ఆగిపోతాయి. అమెరికాలో ఉన్న మన తెలుగు పిల్లలకు వీడియోలో పాఠాలు చెప్పే మాస్టర్లకు ఈ ఇబ్బంది రెట్టింపు. ధ్వని కాస్త ఆలస్యంగా చేరుతుంది కాబట్టి గురువూ శిష్యురాలూ కలిసి వాయించడం కుదరదు. ఒకరు ఆపితే ఒకరు అందుకోవాలి. అలాంటప్పుడు ఇంట్లో రోజూ విననిచ్చే తల్లో తండ్రో లేకపోతే చదువు ముందుకు కదలదు. ఇక్కడ కూడా పిల్లను వదిలి స్కూటర్ మీద వెళ్లిపోయే నాన్నల్ని నెలకోసారైనా లోపల కూర్చోబెట్టే నియమం పెట్టండి. పైసా ఖర్చు లేని పని.

ఖర్చు లేనిది ఇంకొకటుంది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది కూడా అదే. కర్ణాటక సంగీతంలో ఫిడేలు బతుకంతా పక్క వాద్యంతో ముడిపడి ఉంది. పాడేవారు ఏ రాగం ఎత్తుకుంటారో ముందుగా తెలియదు. రాగాలాపనలో వారి వెనుకే ఒక అడుగు దూరంలో నడవాలి, మీద పడకూడదు, వెనకబడకూడదు. వారు ఆపినచోట అందుకుని మనకు వచ్చిందంతా కుమ్మరించకుండా, సభకు చాలినంత వాయించి వదిలేయాలి. తెలియని కీర్తన వస్తే పల్లవి రెండుసార్లు వినేలోగా పట్టుకోవాలి. ఎదుటివాడు చెప్పేది పూర్తిగా వినడం, వాడి గొప్పను పెంచుతూ మన మాట మనం చెప్పడం ఇంతకంటే బాగా నేర్పే చదువు నాకైతే తెలియదు. పిల్లకు వచ్చే సంస్కారం అంటూ ఏదైనా ఉంటే అది ఈ పక్క వాద్యంలోంచే రావాలి.

మరి కళాశాలల్లో? గాత్రం గదికీ వాయులీనం గదికీ నడుమ ఒక్క గోడే. గాత్రం పిల్లలు శ్రుతి పెట్టె పెట్టుకుని పాడుకుంటారు, ఫిడేలు పిల్లలు తమ వర్ణం తాము వాయించుకుంటారు, మృదంగం పిల్లలు మూడో గదిలో. ఏడాదికోసారి త్యాగరాజ ఆరాధన రోజున అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు. విజయవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యుల్ని గుర్తుచేసుకోండి. అక్కడ గాత్రం నేర్చుకున్న బాలమురళీకృష్ణగారు ఫిడేలు, వయోలా, మృదంగం కూడా వాయించారు. 2021లో పద్మశ్రీ అందుకున్న ఫిడేలు విద్వాంసులు అన్నవరపు రామస్వామిగారూ ఆ పంతులుగారి శిష్యులే. పంతులుగారు తామే పాడేవారు, తామే ఫిడేలు పట్టేవారు. అక్కడ గదుల మధ్య గోడ లేదు. వారానికి ఒక పూట మూడు గదుల పిల్లల్నీ ఒకచోట కూర్చోబెట్టమని ఒక్క సర్క్యులర్ పంపండి. పరీక్షలో కూడా, పెద్ద తరగతుల్లో, ఫిడేలు పిల్ల పక్కన ఒక గాయకుణ్ణి కూర్చోబెట్టి ఆమె ఎరగని పాట పాడించండి. అనుసరించగలిగితే విద్య వచ్చినట్టు.

పోటీల సంగతి క్లుప్తంగా ముగిస్తాను. టీవీ కార్యక్రమాల్లో ఆరేళ్ల పిల్ల ఏడ్చేదాకా కెమెరా దగ్గరగా పెట్టడం నాకు నచ్చదు. ప్రభుత్వ సాంస్కృతిక ఉత్సవాలైనా పిల్లల విభాగంలో మొదటి, రెండో బహుమతులు మాని, అందరికీ వాయించే అవకాశం ఇస్తే సభాపిరికితనం అదే తగ్గుతుంది. గుడి మండపంలో ఇరవై మంది ముందు పదిసార్లు వాయించిన పిల్లకు పెద్ద వేదిక మీద చేతులు వణకవు.

చివరిగా, తల్లిదండ్రులూ మేమూ పైకి అనని సంగతొకటి. మా దగ్గర చేరిన పిల్లల్లో చాలామంది తొమ్మిదో తరగతి దాటాక రారు. పదో తరగతి, ఇంటర్, ఈఏపీసెట్, ఐఐటీ కోచింగ్. ఫిడేలు పెట్టె అటకెక్కుతుంది. తల్లిదండ్రుల్ని తిట్టి లాభం లేదు, వాళ్ల భయం వాళ్లది. కానీ కోర్సు మధ్యలో ఆగితే మళ్లీ మొదటికి రావాలనే భయం కూడా పిల్లల్ని తిరిగి రానివ్వడం లేదు. ఇంటర్ రెండేళ్లు విరామం ఇచ్చి, ఆపినచోటు నుంచే కొనసాగించే వెసులుబాటు కల్పిస్తే ఇంజనీరింగ్‌లో చేరాక కొందరైనా పెట్టె దించుకుని వస్తారు. రాకపోయినా ఫర్వాలేదనే మాస్టారిని నేను. వాళ్లు జీవితమంతా మంచి శ్రోతలుగా ఉంటారు, సభల్లో ఖాళీ కుర్చీలు చూసి వాపోయే మనకు వాళ్ల అవసరం కూడా ఉంది.

పరీక్ష తీసేస్తే క్రమశిక్షణ పోతుందని మీ అధికారులు చెప్పవచ్చు. అన్ని పరీక్షలూ తీసేయమనడం లేదు. రెండో ఏడు నుంచి పెట్టుకోండి, కఠినంగానే పెట్టండి. మొదటి ఏడాది మాత్రం మాస్టారి చేతికి వదిలేయండి. ఆ ఏడాది చివర పరీక్షకుడికి బదులు మాస్టారే ప్రతి పిల్ల గురించి ఒక పేజీ రాయాలని నియమం పెట్టండి. చెవి ఎలా ఉంది, కూర్చోవడం ఎలా ఉంది, పాడుతోందా, ఇంట్లో వింటోందా, ఎక్కడ భయపడుతోంది, ఎప్పుడు నవ్వుతుంది. ఆ పేజీ రాయలేని మాస్టారు ఆ ఏడాది ఆ పిల్లను చూడనట్టే. అప్పుడు ఆయన్ని అడగండి, ఎందుకు చూడలేదని.

కొత్త విద్యా సంవత్సరం జూన్‌లో మొదలవుతుంది. అడ్మిషన్ల ప్రకటన అచ్చుకు వెళ్లేలోపు ఈ ఒక్క మార్పు చేసి చూడండి. చిన్న ఫిడేళ్లకు బడ్జెట్ కావాలి, అది వచ్చే ఏడాదైనా ఫర్వాలేదు. మొదటి ఏడాది పరీక్ష ఎత్తేయడానికి మాత్రం మీ సంతకం ఒక్కటి చాలు.

ఇట్లు,
భవదీయుడు,
ఒక ఫిడేలు మాస్టారు,
విజయనగరం